అనసూయ టీచర్ పియానోను నేను సరిచేసిన సంగతి

పియానో శ్రుతి చేసే పనిలోకి వద్దామనుకుంటున్నవాళ్ళు హైదరాబాద్‌లో ఇద్దరున్నారని ఈమధ్య తెలిసింది. ఒకతనికి నిజంగానే ఇష్టం. రెండో అతనికి ఇంకా వేరే ఉద్యోగం దొరకలేదు. ఈ కాగితాలు ఇద్దరి కోసమూ రాస్తున్నాను. రెండో అతనికే ఎక్కువ పనికిరావచ్చు, ఎందుకంటే నేనూ అలాగే వచ్చాను.

బీఎస్సీ ఫిజిక్స్ చదివి, తెనాలి పక్క ఊరి నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో గది తీసుకుని బ్యాంకు పరీక్షలకు చదువుతున్న రోజులవి. సికింద్రాబాద్‌లో ఒక పెద్దాయనకు సంచి మోసే మనిషి కావాలని ఎవరో చెబితే వెళ్ళాను. బ్యాంకులు నన్ను తీసుకోలేదు. అందువల్ల వాటికి నష్టమేమీ కలిగినట్టు కనపడలేదు. ఆ సంచిని మాత్రం ముప్ఫై ఎనిమిదేళ్ళు మోశాను.

తీగ ఎలా మార్చాలి, చెదలు పట్టిన చెక్కను ఏం చెయ్యాలి అనేవి పుస్తకాల్లో దొరుకుతాయి. పుస్తకాల్లో లేనిది ఒకటుంది. మంచి పనితనంతో చేసిన తప్పు ఎలా ఉంటుందో ఎవరూ రాయరు. చెడ్డ పనితనంతో చేసిన తప్పును గోడ అవతలివాళ్ళు కూడా గుర్తుపడతారు. మంచిగా చేసిన తప్పుకు మాత్రం కాఫీ ఇచ్చి పంపిస్తారు.

అన్యాయం పంచే పని

నా గురువు డేవిడ్ గారు. చర్చిలు, క్లబ్బులు, మిషన్ స్కూళ్ళు, పాత బంగళాలు, నగరంలో పియానో ఉన్న ప్రతి ఇంటి టీ రుచీ ఆయనకు తెలుసు. చెవి గొప్పది. గుణం అంత గొప్పది కాదు. పదకొండేళ్ళలో నన్ను ఒక్కసారే మెచ్చుకున్నారు, అప్పుడాయనకు నూట మూడు జ్వరం.

పని ఇది. పియానోలో ఎనభై ఎనిమిది మెట్లు, రెండు వందల పైచిలుకు ఉక్కు తీగలు. ఒక్కో తీగ ఒక్కో ఇనుప మేకుకు చుట్టి ఉంటుంది. ఆ మేకును పట్టి తిప్పే పనిముట్టును సుత్తి అంటాం గాని, దానితో కొట్టిన రోజున ఇంకో పని వెతుక్కోవాలి. మేకును వెంట్రుకవాసి తిప్పితే స్వరం పైకో కిందికో జరుగుతుంది. రెండు తీగలు దగ్గరదగ్గరగా ఉండి పూర్తిగా కలవకపోతే, మధ్యలో ఊయల ఊగినట్టు ఒక అల వినపడుతుంది. ఆ అలలను లెక్కపెట్టి, ఎక్కడ ఎన్ని ఉండాలో అన్నే ఉంచడం మన వృత్తి. మిగతాదంతా బరువులు మొయ్యడమే.

ఇంకో చిక్కుంది. పన్నెండు స్వరాలూ అన్ని పాటలకూ పనికిరావాలంటే, ప్రతిదాన్నీ దాని సొంత చోటు నుంచి కాస్త జరపాలి. "ఏ ఒక్కదానికీ పూర్తి న్యాయం చేయకు, పక్కది ఏడుస్తుంది. అన్యాయాన్ని సమానంగా పంచు, అన్నీ ఊరుకుంటాయి" అనేవారు డేవిడ్ గారు. ఆయన సంగీతం గురించే అన్నారు.

చేరిన రెండో ఏడు, ఒక కాన్వెంటు పియానోలో ఒక మెట్టు పలకడం లేదని లోపలి భాగాలన్నీ ఊడదీశాను. మూడు గంటలు పట్టింది. చివరికి ఒక గుడ్డముక్క దొరికింది. అప్పుడే క్లాసు ముగించుకొని వచ్చిన సిస్టర్, "అది నేనే పెట్టాను బాబూ. ఆ స్వరం వాయిస్తే కిటికీ అద్దం గిలగిలలాడుతుంది" అన్నారు. దారిలో బస్సు కోసం నిలబడ్డప్పుడు డేవిడ్ గారు, "వాయించే మనిషిని అడక్కుండా మూత తియ్యకు" అన్నారు. ఆ మాట ఇరవై ఏళ్ళకు పైగా గుర్తుంచుకున్నాను. ఒక్క రోజు మరిచిపోయాను.

చెయ్యి విరిగిన మనిషికి బహుమతి

తెలంగాణ ఉద్యమం వేడెక్కిన కాలం. దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణాలు షట్టరు సగం దించుకునే వ్యాపారం చేసేవి, ఎప్పుడు మూయాల్సి వస్తుందో తెలియదు కాబట్టి. మా వీధిలో కోస్తా నుంచి వచ్చిన ఇళ్ళూ నల్లగొండ నుంచి వచ్చిన ఇళ్ళూ గోడలు కలుపుకొని ఉండేవి. ఆ రోజుల్లో అందరం ఒకరినొకరు మరీ మర్యాదగా పలకరించుకోవడం మొదలుపెట్టాం. అది మంచి లక్షణం కాదని అందరికీ తెలుసు.

అలాంటి రోజుల్లో యాదగిరి అనే ఆయన ఫోన్ చేశారు. కొత్తపేటలో పోచంపల్లి చీరల దుకాణం ఆయనది.

"మా మేనత్తకు పియానో ఉన్నది సార్. మొన్న జారిపడి మణికట్టు ఇరిగింది, దవాఖానల ఉన్నది. ఒచ్చేటాళ్లకు దాన్ని మంచిగ జేయించి పెడ్దామని. ఆమెకు జెప్పలె, సడెన్‌గ జూడాలె."

కర్మన్‌ఘాట్‌లో ఇల్లు. నిటారుగా గోడకు ఆనించి పెట్టే రకం పాత పియానో. మూత తీసి చూస్తే ఎలుక జాడ లేదు, చెదలు లేవు, దుమ్ము కూడా లేదు. హైదరాబాద్‌లో అలాంటి పియానో కనపడితే ముందు అనుమానం రావాలి, దాన్ని ఎవరో కంటికి రెప్పలా చూసుకుంటున్నారని. నాకు సంతోషం మాత్రమే వచ్చింది.

మెట్లన్నీ నొక్కి చూశాను. శ్రుతి బాగానే ఉంది, రెండు స్వరాలు తప్ప. మామూలుగా 'స' అనుకునే తెల్ల మెట్టు నుంచి లెక్కపెడితే, గాంధారం, నిషాదం. రెండూ కిందికి దిగి ఉన్నాయి. ఒకచోట కాదు. ఎడమ కొసనుంచి కుడి కొసదాకా ప్రతి గాంధారమూ ఒకే కొలతలో, ప్రతి నిషాదమూ ఒకే కొలతలో.

మీరిద్దరూ ఇక్కడ ఆగండి. పియానో తనంతట తాను చెడితే ఇష్టమొచ్చినట్టు చెడుతుంది. ఒక తీగ బాగా దిగుతుంది, పక్కది కాస్త దిగుతుంది, ఇంకొకటి అసలు కదలదు. వరుసలో చెడదు. వరుస కనిపించిందంటే దాని వెనక ఒక చెయ్యి ఉన్నట్టే. ఇది నాకు తెలుసు. ఫిజిక్స్ కూడా చదివాను. అయినా ఆ రోజు నా మనసులో మెదిలిన వాక్యం ఇది: "ఎవరో లోకల్ మనిషి చేసినట్టున్నాడు, పాపం, చెవి లేదు."

'లోకల్' అన్నాను. పైకి అనలేదు. కాని అన్నాను.

రెండున్నర గంటల్లో ప్రతి గాంధారాన్నీ ప్రతి నిషాదాన్నీ ఉండాల్సిన చోటికి పైకి లాగాను. యాదగిరి గారు ఒక మెట్టు నొక్కి, "ఫస్ట్ క్లాస్ ఉన్నది సార్" అన్నారు. అంతకుముందు నొక్కినా అదే అనేవారు. కాఫీ బాగుంది.

స్వరూప

ఎనిమిది నెలల తర్వాత, రెండు రోజుల బంద్‌లో మొదటి రోజు సాయంత్రం, ఒక నలభై అయిదేళ్ళ ఆవిడ మా ఇంటి తలుపు తట్టింది. చంకలో పాత నోటు పుస్తకాల కట్ట.

"పియానో మూర్తి సార్ అంటే మీరేనా?"

"నేనేనమ్మా. కూర్చోండి."

ఆవిడ కూర్చోలేదు. "మా అత్తమ్మ పియానోకు ఏం జేసిండ్రు సార్ మీరు?"

పేరు స్వరూప. యాదగిరి గారి చెల్లెలు, ఎల్‌బీ నగర్‌లో డిగ్రీ కాలేజీలో లెక్కల లెక్చరర్. చిన్నప్పుడు మేనత్త దగ్గరే పియానో నేర్చుకుంది. ఆ మేనత్త పేరు అనసూయ. పోచంపల్లి దగ్గర నేతపని ఇంట్లో పుట్టి, మిషన్ హాస్టల్లో చదువుకుని, అక్కడే పియానో నేర్చుకుని, ముప్ఫై ఏళ్ళకు పైగా బడిలో పాటల టీచరుగా పనిచేశారు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి పిల్లల దగ్గరే ఉంటున్నారు. ఇవన్నీ నాకు అప్పుడే తెలిశాయి. ఎనిమిది నెలల క్రితం ఆమె నాకు 'యాదగిరి గారి మేనత్త' మాత్రమే.

"కట్టు ఇప్పినంక పియానో ముందల కూసున్నది. ఒక్క నిమిషం వాయించింది. మూత పెట్టి, 'ఇది నాది గాదు' అన్నది. మల్ల ముట్టలె. వయసు మీద వడ్డది, ఏదో అంటున్నదిలే అనుకున్నం మేము." స్వరూప పుస్తకాల కట్ట బల్ల మీద పెట్టింది. "మొన్న పెట్టె సదురుతుంటె ఇవి దొరికినయ్. ఏడు పుస్తకాలు. నలభై పైన పాటలున్నయ్ సార్, పియానోకు రాసినయ్. నేను గిన్నేండ్లు ఆమె కాడ నేర్చుకున్న, నాకే ఎర్క లేదు."

మొదటి పుస్తకం తెరిచాను. చక్కటి టీచరు దస్తూరి. బతుకమ్మ ఆడేటప్పటి అడుగులు, బోనం ఎత్తుకుని నడిచే నడక, నూలు పని చేస్తూ ఆడవాళ్ళు పాడుకునేవి, అన్నీ పియానో గీతల మీదికి ఎక్కి కూర్చున్నాయి. లోపలి అట్ట మీద ఒక్క వాక్యం: గాంధారము, నిషాదము పెద్దమ్మ గొంతుకు దించి కట్టవలెను.

"మా అత్తమ్మ వాళ్ల పెద్దమ్మ ఊళ్లె పాటలు పాడేది. ఆమె గొంతులకెళ్లి పట్టుకొని, అత్తమ్మనే మేకులు తిప్పుకుంట నలభై ఏండ్లు కాపాడుకున్నది సార్ గా రెండు స్వరాలను. చెయ్యి ఇరిగింది గావట్టి ఇప్పుడు తిప్పలేదు." స్వరూప నా చేతిలో పుస్తకం వైపు చూసింది. "మా మాట సరిజేసిండ్రు. మా యాస సరిజేసిండ్రు. ఆఖరికి మా పియానో గూడ ఇడిశిపెట్టలేదా సార్?"

లోపలి అట్ట మీది వాక్యాన్ని మళ్ళీ చదివాను. నా భార్య టీ తెచ్చి పెట్టి, మా ఇద్దరి మొహాలూ చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

"ఎంత దించి ఉండెనో మీకు యాదికున్నదా?"

"లేదమ్మా. తప్పు అనుకున్నదాని కొలత ఎవరూ గుర్తుపెట్టుకోరు."

"అయితె ఆమెకొక్కదానికే ఎర్క." గొంతు కాస్త దిగింది. "ఒక చెవి ఎప్పుడో పోయింది. రెండో చెవి ఎనక గడ్డ ఉన్నది. రేపు సాయంత్రమే ఆపరేషన్. పానానికి ఏంగాదు గని చెవి మిగులుతదని చెప్పలేమన్నడు డాక్టర్. రేపు రెండు గంటలకు దవాఖాన బండి ఒస్తది."

అంటే మర్నాడు రెండు గంటల వరకే ఆ కొలత ఈ లోకంలో ఉంటుంది, ఒక ముసలావిడ ఒక్క చెవిలో. ఆ తర్వాత ఆ నలభై పాటలూ కాగితం మీద గీతలు.

"పొద్దున తొమ్మిదిన్నరకల్లా మీ ఇంట్లో ఉంటాను" అన్నాను.

అప్పుడు స్వరూప చల్లారిన టీ తాగింది.

చౌరస్తా

బంద్ రోజు దిల్‌సుఖ్‌నగర్ నుంచి కర్మన్‌ఘాట్‌కు నడిచి వెళ్ళడం పెద్ద సాహసమేమీ కాదు, దూరం తక్కువే కాబట్టి. సరూర్‌నగర్ వైపు రాళ్ళు పడుతున్నాయని పాలాయన చెప్పడంతో కొత్తపేట మీదుగా ఎల్‌బీ నగర్ చుట్టు దారి పట్టాను. "పియానో ఎక్కడికీ పారిపోదుగా, ఎల్లుండి వెళ్ళకూడదూ" అంది నా భార్య. పియానో పారిపోదు, చెవి పారిపోతుందని చెప్పాను. ఆమె గొడుగు చేతికిచ్చింది. రాళ్ళకు గొడుగు ఎంతవరకు ఆగుతుందో మేమిద్దరం చర్చించలేదు.

చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పులిహోర వాసన. సమ్మెలో ఉన్న బస్సు డ్రైవరు ఒకాయన, గులాబీ కండువా, చేతిలో గరిట, నన్ను ఆపారు.

"ఏడికి సార్?"

నా మాట వినపడితే ఇబ్బందని, "కర్మన్‌ఘాట్ పోతున్న" అన్నాను. పాతికేళ్ళుగా విన్న యాసే, అయినా నా నోట్లోంచి అద్దెకు తెచ్చుకున్న చొక్కాలాగా వచ్చింది.

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "సార్, మీరు మీ మాటనే మాట్లాడుండ్రి. మాకు సమజైతది."

సంచీలో ఏముందో, ఎవరింటికి వెళ్తున్నానో చెప్పాను. ఆవిడ చెవి సంగతి కూడా చెప్పాను. ఆయన ఒక ఆకులో పులిహోర పెట్టి, "తినుకుంట పోండ్రి, ఆగకుండ్రి" అన్నారు. మొత్తం రెండు నిమిషాలు పట్టింది.

అవతలివైపు పోలీసులు. వాళ్ళు నా క్షేమం కోసం ఆపారు, అందుకని గంటన్నర పట్టింది. సంచి విప్పించారు. ఇనుప పనిముట్లు, చెక్క మేకులు, ఆకురాయి, ఉక్కు తీగ చుట్ట. బంద్ రోజు చౌరస్తాలో ఇంతకంటే ఘోరమైన సంచి మోసుకు తిరగడం కష్టం.

"ఇదేంది?" అన్నాడు ఎస్సై, రెండు కొమ్ముల ఉక్కు ఫోర్క్ తీసి పట్టుకుని.

"స్వరం చూసుకునేదండి." మోకాలికి కొట్టి వినిపించాను. ఆయన చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నాడు. మొహం కాస్త మెత్తబడింది.

"మంచిగున్నది. గాడ కూసో."

వ్యాన్ పక్కన ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టారు. గడియారం చూస్తూ కూర్చున్నాను. తొమ్మిదిన్నర అయింది, పది అయింది. రెండుసార్లు లేచి అడిగాను. రెండుసార్లూ 'మీ మంచికే' అన్నారు. చివరికి అదే డ్రైవరు గరిటతోనే ఇటువైపు వచ్చి, ఎస్సైతో ఏదో మాట్లాడారు. ఒకరినొకరు బూతులు తిట్టుకునే దూరంలో పొద్దున్నుంచి నిలబడ్డ ఆ ఇద్దరూ నన్ను వదిలించుకునే విషయంలో ఒక్కటయ్యారు. కర్మన్‌ఘాట్ చేరేసరికి పదకొండు దాటింది.

గాంధారం

అనసూయ టీచర్ పియానో పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు, బాగున్న చెవి పియానో వైపు పెట్టుకుని. సన్నటి మనిషి. నేత చీర. కుడి మణికట్టు ఇంకా వంకరగానే ఉంది.

"టీచరమ్మ గారూ, నన్ను క్షమించాలి..."

"గవన్నీ తర్వాత జూద్దాం. నీళ్లు తాగుండ్రి. ముందుగాల గాంధారం."

తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఆసు గురించి ఒక మాట చెప్పాలి. పోచంపల్లి చీరకు రంగులు అద్దే ముందు, దారాన్ని ఒక మేకు నుంచి అర్ధచంద్రంగా పాతిన మేకుల వరుస దాకా ముందుకూ వెనక్కూ చుడతారు. ఒక్క చీరకే చెయ్యి కొన్ని వేలసార్లు అటూ ఇటూ ఆడుతుంది. ఆ పని ఆడవాళ్ళది. చెయ్యి పడిపోకుండా పాడుకుంటారు. ఆమె రాసిన ఆసు పాటలో ఎడమ చెయ్యి మొదటినుంచి చివరిదాకా అలా పోయి వస్తూనే ఉంటుంది.

ఆమె ఆ పాటను మాటలు లేకుండా సన్నగా పాడి, గాంధారం దగ్గర నిలిపారు. నేను మేకు వదులు చేశాను.

"ఇంకింత."

ఇంకాస్త దించాను.

"దాటింది."

పైకి లాగాను. మళ్ళీ పాడారు. మళ్ళీ తల అడ్డంగా ఊపారు. అరగంట అలాగే. నా చెయ్యి దానంతటదే అలలు లేని చోటికి వెళ్ళి ఆగుతోంది. ఇన్నేళ్ళు దానికి నేర్పింది అదే మరి, అల వినపడితే దాన్ని చంపడం.

"సార్, మీరు సాపు జేస్తున్నరు. గది సాపుగ ఉండది" అన్నారు ఆమె. "గా ఊగుడు ఉండాలె. ఊగుడే పాట."

కళ్ళు మూసుకుని, చేతికి కాకుండా ఆమె గొంతుకు చెవి ఇచ్చాను. ఈసారి అలను చంపకుండా, ఆమె గొంతు ఎంత ఊగుతోందో అంతే ఊగనిచ్చాను.

ఆమె ఎడమ చేత్తో ఆసు పాట మొదటి వరుస వాయించారు. ఆ గది నాకు తెలిసిన గదిలా లేదు. ఒక స్వరం ఒక్క పిసరు దిగితే, పియానో అనే ఆ నల్లకోటు దొర ఎవరో తలపాగా చుట్టుకుని గుమ్మంలో కూర్చున్నట్టుంది. స్వరూప గోడకు తిరిగి నిలబడింది.

"గదీ" అన్నారు అనసూయ టీచర్.

ఒంటిగంట దాటుతోంది. ఆమె గొంతు అలసింది, పది నిమిషాలు ఆగుదామన్నారు. ఆ పది నిమిషాల్లో నేను సంచీలోంచి ఒక ఫోర్క్ తీసి, కొమ్ముల మొదట్లో ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీస్తూ, ఆమె గాంధారానికి సరిపోయేదాకా దించాను. పియానో మళ్ళీ జారిపోయినా ఇక ఆ స్వరం ఉక్కులో ఉంటుంది.

నేను అరగదీస్తుంటే ఆమె చెప్పారు. "ఎన్కట ఒకసారి పట్నంల పెద్దపెద్దోళ్ల ముందల వాయించిన. వాయించినంక ఒకాయన, 'అమ్మా, ముందు పియానో శ్రుతి చేయించుకొని రండి' అన్నడు. మల్ల ఎవ్వరికీ వినిపియ్యలె."

"అయితే ఆయన చెప్పిన పని నేను ఇంటికొచ్చి చేసి పెట్టానన్నమాట."

"పైసల్ గూడ తీస్కున్నరా?"

"తీసుకున్నానండి."

"ఆయనే నయం. ఊకెనె జెప్పిండు."

స్వరూప నవ్వింది. ఆ ఇంట్లో ఆ రోజు అదే మొదటి నవ్వు.

ఫోర్క్ కాడను పియానో చెక్కకు ఆనించి వినిపించాను. తల ఊపారు. ఇక నిషాదం.

రెండుసార్లు పాడారు. గొంతు బొంగురుపోయింది. మొదటిసారి నేను దరిదాపుల్లో కూడా లేను. రెండోసారి దగ్గరికొచ్చాను. "ఇంకా గాదు" అని మూడోసారి పాడబోతుండగా బయట బండి హారన్ మోగింది. ఇంకా ఒకటిన్నరే.

దవాఖాన బండి డ్రైవరు గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మా, చౌరస్తాల ఇప్పుడు ఇడుస్తున్నరు. జర సేపైతె ఇడువరట. ఎక్కుండ్రి."

"అయిదు నిమిషాలు" అన్నాను.

"సార్, నాది గాదు. గాడ లాఠీచార్జి అయ్యేటట్టున్నది."

అనసూయ టీచర్ లేచారు. స్వరూప ఆమె సంచి అందుకుంది. గడప దగ్గర ఆగి, నా వైపు కాదు, పియానో వైపు చూసి, "నిషాదం మీరు జూస్కోండ్రి సార్" అన్నారు.

ఫుట్‌పాత్ మీద నేను కూర్చున్న గంటన్నర అప్పుడు గుర్తొచ్చింది.

లెక్క

ఆపరేషన్ బాగా జరిగింది. చెవి పోయింది.

నేను మాత్రం నా పని పూర్తి చేశాను. గాంధారం ఇక్కడుంది కాబట్టి, దానికి సరిగ్గా పంచమం దూరంలో నిషాదం ఉండాలి. సంగీతం ప్రకారం చూసినా, ఫిజిక్స్ ప్రకారం చూసినా అదే చక్కటి జవాబు. స్వరూప వచ్చి మెట్టు నొక్కి, "గదేనా సార్?" అని అడిగితే, "లెక్క ప్రకారం ఇదేనమ్మా" అన్నాను. లెక్కల లెక్చరర్ దగ్గర ఆ మాటకు ఎంత విలువుందో తెలిసే అన్నాను. తర్వాత అనసూయ టీచర్ 'నిషాదం అయ్యిందా?' అని అడిగి, జవాబు రాయమని పలక చాపితే, తల ఊపాను. ఆమె వినగలిగితే ఊపేవాణ్ణి కాదు. ఇందులో నాకు సమర్థన ఏమీ లేదు.

మూడు నెలలకు ఎల్‌బీ నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో ఉద్యమ సభ పెట్టారు. పాటలు, మాటలు, మధ్యలో కర్మన్‌ఘాట్ నుంచి మోయించుకొచ్చిన పియానో మీద స్వరూప. నిర్వాహకుడికి ఒక సందేహం వచ్చింది.

"మేడం, పియానో అంటె ఇంగ్లీషోళ్లది గదా. మన స్టేజి మీద..."

"మా అత్తమ్మది. అంటె మనదే."

"పక్కన డప్పు పెడ్దామా?"

"పెట్టుండ్రి. పియానో అయిపోయినంక."

ఆయన నన్ను చూసి, "సార్‌ది ఏ ఊరు?" అన్నాడు.

"దిల్‌సుఖ్‌నగర్" అంది స్వరూప, నేను నోరు తెరవకముందే.

యాదగిరి గారు ఊళ్ళ నుంచి నేత ఇళ్ళ ఆడవాళ్ళను రెండు వరుసలకు సరిపడా తీసుకొచ్చారు. అందరూ అరవై దాటినవాళ్ళే. అనసూయ టీచర్ ముందు వరుసలో, ఒళ్ళో పలక. నేను స్టేజి పక్కన, ఏదైనా తీగ జారితే చూసుకోవడానికి.

ఆసు పాట మూడోది. స్వరూప ఎడమ చెయ్యి మొదలుపెట్టగానే ఆ రెండు వరుసల్లో చేతులు కదిలాయి. ఎవరూ చెప్పలేదు. ఒళ్ళో పెట్టుకున్న చేతులే, చిన్నగా, అటూ ఇటూ. తర్వాత గొంతులు. గాంధారం దగ్గర ఆ గొంతులూ పియానో ఒకదాన్నొకటి గుర్తుపట్టి కలిసిపోయాయి.

నిషాదం వచ్చింది.

గొంతులన్నీ పియానోను పైనే వదిలేసి కిందికి దిగాయి. అన్నీ ఒకేచోటికి దిగితే నేను పట్టుకునేవాణ్ణి. ఒక్కొక్కరు ఒక్కోచోటికి దిగారు, ఎవరి ఊరి తీరు వాళ్ళది. వాటిలో అనసూయ టీచర్ నలభై ఏళ్ళు కాపాడుకున్నది ఏదో చెప్పే మార్గం లేదు. పాటలో నిషాదం పదకొండుసార్లు వస్తుంది. పదకొండుసార్లూ అదే జరిగింది. నాలుగోసారికి నాకు తెలిసింది, ఆమె స్టేజి వైపు చూడటం లేదని. నా మొహం చూస్తున్నారు.

చప్పట్లు చాలాసేపు మోగాయి. జనం స్వరూపను చుట్టుముట్టారు. అనసూయ టీచర్ చేత్తో నన్ను పిలిచారు.

"నిషాదం కాడ ఏమైంది?" వినపడనివాళ్ళ గొంతు కాస్త పెద్దదవుతుంది. చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూశారు.

పలక తీసుకుని 'బాగుంది' అని రాశాను. ఆమె చదివారు, నా మొహం చూశారు, కొంగుతో తుడిచి పలక మళ్ళీ నా చేతికే ఇచ్చారు. అచ్చం టీచరు.

'అది నేను లెక్క కట్టి పెట్టింది. మీది కాదు' అని రాశాను. స్టేజి దిగి వచ్చిన స్వరూప ఆమె భుజం మీదుగా అది చదివింది.

"మల్ల దించొస్తదా?" అన్నారు ఆమె.

'ఎంతకో తెలియదు. మీకు గుర్తుందా?'

ఆమె పెదవులు కదిలాయి, లోపల పాడుకుని చూసుకుంటున్నట్టు. "లేదు సార్. గది చెవికి యాదుండె. నాకు గాదు."

చాక్‌పీస్ నా చేతిలోనే ఉంది. క్షమించండి అని రాయబోయాను. ఆమె పలక తీసేసుకున్నారు.

"దీని మీద గాదు. తుడిస్తె పోతది. కాయితం మీద రాయుండ్రి. రేపు ఎవరన్న నేర్చుకొని వాయిస్తరు. గది గూడ నేనే పెట్టిన అనుకుంటరు."

కాబట్టి ఇది కాగితం. మీ ఇద్దరిలో ఎవరికైనా ఎప్పుడైనా ఆమె పాటల కోసం పియానో కట్టాల్సి వస్తే, గాంధారానికి ఫోర్క్ స్వరూప దగ్గర ఉంది, అడిగి తీసుకోండి. అది ఆమెది, వెంట్రుకవాసి కూడా కదపకండి. నిషాదం మాత్రం నాది. దాని దగ్గర పాట కుంటితే నన్ను తిట్టుకోండి.